లాప్‌టాప్‌కు బొట్టు పెట్టిన రోజు

శీనూ, టీ తాగు, చెప్తాను. కానీ ఒక కండిషన్. ఇది విన్నాక నువ్వే రాసిపెట్టాలి, నేను రాయను. ఎందుకు రాయనో వింటా పోతే నీకే తెలుస్తుంది. పోయిన శనివారం నువ్వు జీపులో మెట్టు ఘాట్ రోడ్డులో కొండ దిగతా ఉంటే సిగ్నల్ లేక నీ ఫోన్ పలకలేదు చూడు, ఆ రోజు సంగతి ఇది. నువ్వొక్కడివి ఫోన్ తీసి ఉంటే నా మర్యాద మిగిలేది.

ఆ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా నందినికి ఇంటర్వ్యూ. కోయంబత్తూరు కంపెనీ. ఇంట్లోనే కెమెరా ముందు కూచుని మాట్లాడాలంట, స్క్రీన్ చూపించి ఏదో చేసి కూడా చూపించాలంట. ఫోన్‌లో కుదరదు, కంప్యూటరే కావాలి. పాప చదువు ముగించి చానాళ్ళయింది, అప్లికేషన్లు పెట్టి పెట్టి విసిగిపోయింది, పిలుపు వచ్చింది ఇదే మొదటిసారి. మా ఇంట్లో ఉండేది ఒకే ఒక లాప్‌టాప్. పొద్దున టైలర్ దగ్గర నుంచి డ్రెస్సు తెచ్చుకోవడానికి తేని టౌనుకు పోయే బస్సు ఎక్కతా నాతో ఒకే మాట అనింది.

"నాయనా, నేను వచ్చేదాకా లాప్‌టాప్‌ను ముట్టొద్దు."

ముట్టొద్దంటే ఎట్లా? దానికి మళ్ళీ ప్రాణం పోసింది నేనే కదా. అంతకుముందు ఆన్ చేసి, స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని వచ్చినా ఇంకా చక్రం తిరగతానే ఉండేది. నేను వీడియోలు చూసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పాత సిస్టం తీసేసి లినక్స్ వేసినాను. బోడినాయకనూరులో యాలకుల జల్లెడ పట్టేవాడు లినక్స్ వేసినాడంటే సామాన్యమా? బటన్ నొక్కితే టక్కున లేచి కూచుంది. నందిని కూడా "పరవాలేదు నాయనా" అనింది. నాకు అక్కడే తలకెక్కింది.

ఆ వారమంతా అంగడి సంగతే మర్చిపోయినాను. లినక్స్‌లో ఏదైనా మార్చుకోవచ్చు శీనూ, అదే దాంట్లో ఉండే అపాయం. ఫోల్డర్లన్నిటికీ మంచి కొండ యాలక్కాయ పచ్చరంగు వేసినాను. బొమ్మలను సైజు ప్రకారం పెద్దవి ఒకపక్క, చిన్నవి ఒకపక్క గ్రేడు చేసి పెట్టినాను. తెరపైన వచ్చే కిటికీని పట్టి లాగితే జెల్లీ మాదిరి ఊగేట్టు చేసినాను. పై పట్టీలో కనిపించకుండా దాక్కున్న బొమ్మలన్నిటినీ ఎప్పుడూ కనిపించేట్టు ఆన్ చేసినాను, ఏది దేనికో తెలియకపోయినా. వెనక ఫోటో ఎవరిదంటావు? నాదే. సంగం మీటింగులో శాలువా కప్పినప్పుడు తీసింది.

ఆ సంగం సంగతి చెప్పాల. మేము ఈ పక్కకు వచ్చి ఎన్ని తరాలయిందో మా అవ్వకే తెలియదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మాట్లాడమంటే పొద్దు మునిగేదాకా మాట్లాడతాము, చదవమంటే మాత్రం బస్సు బోర్డు కూడా చదవలేము. అందుకని మా వీధిలో తెలుగు సంగం పెట్టినారు, నేను సెక్రటరీని. ఆదివారం ఆదివారం తెలుగు చదివే క్లాసు మొదలుపెట్టింది కూడా నేనే. బజ్జీలు పెట్టినంతకాలం క్లాసు జరిగింది. బజ్జీలు ఆగినాయి, క్లాసూ ఆగింది. నేను 'ఋ' దాకా పోయినాను. దాని ఆకారం చూసి అక్కడినుంచి వెనక్కి వచ్చేసినాను.

అయినా మైకు దొరికితే వదలను. పోయిన నెల మీటింగులో ఏమన్నానో తెలుసా? "మన ఇంటి కంప్యూటర్ మన అమ్మ మాటలో మనతో మాట్లాడాలి" అన్నాను. చప్పట్లు ఆగలేదు. శాలువా దానికే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

సరే, శనివారం. నందిని బస్సెక్కింది. నేను ఊరికే చూద్దామని లాప్‌టాప్ తెరిచినాను. సెట్టింగ్స్‌లో భాషల లిస్టు కనపడింది. ఒక్కో భాష పేరు కిందికి పోతా ఉంటే, ఇంగ్లీషులో 'తెలుగు, ఇండియా' అని ఉంది. నా గుండె జల్లుమనింది. నిజంగానే శీనూ, కండ్లలో నీళ్ళు తిరిగినాయి. మా మాటకు కంప్యూటర్లో ఒక చోటు ఉందని ఎవరూ నాకు చెప్పలేదు. నొక్కినాను. రీస్టార్ట్ అడిగింది. చేసినాను. మామూలు పాస్‌వర్డ్ కొట్టినాను, తెరుచుకుంది. తెరపైన ఎక్కడ చూసినా గుండ్రంగా, ముత్యాల మాదిరి మన అక్షరాలు.

వెంటనే ఫోటో తీసి సంగం గ్రూపులో పెట్టినాను. 'మా ఇంటి కంప్యూటర్ ఇప్పుడు తెలుగు' అని తమిళంలో రాసి. దండాలు, పూలు, బొటనవేళ్ళు వరదగా వచ్చినాయి. ఎవడో ఒక తుంటరి మాత్రం "అన్నా, మొదటి వరస చదివి వాయిస్ పంపు" అన్నాడు. నెట్‌వర్క్ బాగా లేదని పంపినాను.

మా అమ్మను పిలిచి చూపించినాను. అమ్మకు ఏ చదువూ రాదు. తెర పక్క చూసి "ఇది మన ఎళుత్తేనా?" అనింది. ఎళుత్తు అంటే అక్షరాలే, తమిళంలో.

"అవునమ్మా."

"అయితే పూజ చేయకుండా ఎట్లా వాడతావురా? మిక్సీకి పెట్టినాము, మోటారుకు పెట్టినాము, దీనికి పెట్టొద్దా?"

అమ్మ గంధం, కుంకుమ తెచ్చింది. కర్పూరం వెలిగించింది. మూతకు ఒక బొట్టు. తెర కింద ఒక బొట్టు. తర్వాత కీబోర్డు ఎడమపక్కన, "ఇది దాని చెంప" అని చెప్పి, గంధం అద్ది దానిపైన కుంకుమ గట్టిగా ఒత్తింది. అమ్మ బొట్టు పెడితే మామూలుగా ఉండదు, నుదురు వెనక్కు పోతుంది. హారతి ఇచ్చి, "సాయంత్రం దాకా ఎవురూ బొట్టు తుడవకూడదు" అని ఆర్డరు వేసి పక్క గదిలోకి పోయింది.

పూజ జరిగేలోపల తెర తనంతట తానే లాక్ అయిపోయింది. పాస్‌వర్డ్ కొట్టినాను. తీసుకోలేదు. మళ్ళీ కొట్టినాను. పెట్టె కింద రెండు వరసలు మెరిసినాయి, గుండ్రంగా, ముత్యాల మాదిరి. ఏమి రాసి ఉందో ఎవడికి తెలుసు?

మెల్లిగా కొట్టినాను, గట్టిగా కొట్టినాను, దేవుణ్ణి తలుచుకొని కొట్టినాను. అవే రెండు వరసలు. కుడితిలో పడిన ఎలుక మాదిరి అయిపోయింది నా పని. ఆఫ్ చేసి ఆన్ చేద్దామంటే భయం. లినక్స్ వేసేటప్పుడు ఒకచోట 'కంప్యూటర్ ఆఫ్ చేయవద్దు' అని ఇంగ్లీషులో వచ్చింది. ఇప్పుడు ఈ రెండు వరసల్లో కూడా అదే రాసి ఉంటే? ఆఫ్ చేస్తే మొత్తం తుడిచిపెట్టుకొని పోతే? చదవడం రానోడికి ప్రతి అక్షరమూ బెదిరింపే శీనూ. తెలుగు బళ్ళో చదివినోడివి నాకు తెలిసి నువ్వొక్కడివే, నీకు ఫోన్ చేసినాను. నువ్వు ఘాట్‌లో ఉన్నావు.

నా భార్య జయంతి వంటింట్లో నుంచి వచ్చి నా మొఖం చూసింది. "ఏమండి, ఏమయింది?"

"ఏమీ లేదు. లాక్ అయింది."

"తెరవండి మరి."

"తెరుచుకోలేదు."

జయంతి గడియారం చూసింది, నన్ను చూసింది. "పాపకు ఈ ఇంటర్వ్యూ పోతే నేను మీతో మాట్లాడను" అనింది, కోపంగా కాదు, మామూలుగా. అప్పుడు నాకు నిజంగా చెమట పట్టింది. పాప ఎన్ని రాత్రులు కూచుని చదివిందో నేను చూసినాను. నా శాలువా పిచ్చికి ఆ బిడ్డ కష్టం పోతుందే అనిపించింది.

పరువు పక్కన పెట్టి సంగం ప్రెసిడెంట్ దామోదరన్నకు ఫోన్ చేసినాను. మేమందరమూ ఆయన్ని తలైవరే అని పిలుస్తాము, నాయకుడా అని తమిళంలో.

"తలైవరే, ఒక ఫోటో పంపినాను. అందులో రెండు వరసలు ఏమి రాసి ఉండాయో చూసి చెప్తారా?"

"ఏమి రంగసామీ, నీ కంప్యూటర్లో ఉండేది నన్ను అడగతా ఉండావు?"

"చిన్న సందేహం తలైవరే."

"సరి సరి. చూస్తాను. కండ్లద్దాలు ఎక్కడో పెట్టేసినా. దొరికినాక చెప్తా."

ట్రెజరర్‌కు చేసినాను. ఆయన కండ్లద్దాలు రిపేరుకు పోయినాయంట. జాయింట్ సెక్రటరీ కండ్లద్దాలపైన మనవడు కూచున్నాడంట. ఆ రోజు మా సంగంలో అందరి కండ్లద్దాలూ ఒకేసారి మాయమైపోయినాయి. పక్క గదిలో నుంచి అమ్మ అంతా వింటానే ఉంది. "అది తెలుగు సంగమా, చత్వారం సంగమా?" అనింది.

గడియారంలో రెండు దాటింది. ఏమి చేయాలో తోచలేదు. పై మూలలో ఒక మనిషి బొమ్మ కనపడింది, చేతులు రెండూ చాపి నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ కనిపించేట్టు నేను ఆన్ చేసిన బొమ్మల్లో వాడొకడు. పాపం, సాయం చేసేవాడి మాదిరే ఉన్నాడు. నొక్కినాను. ఒక లిస్టు దిగింది, ప్రతి వరసకూ ఒక స్విచ్చి.

మొదటిది నొక్కినాను. అక్షరాలు పెద్దవయినాయి. చదవరాని అక్షరం చిన్నగా ఉంటేనేమి, పెద్దగా ఉంటేనేమి? రెండోది నొక్కినాను. తెరంతా నల్లగా అయిపోయి అక్షరాలు మాత్రం తెల్లగా మిగిలినాయి. జయంతి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మూడోది నొక్కినాను.

లాప్‌టాప్ మాట్లాడింది.

ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు. రేకు డబ్బాలో తల పెట్టి గబగబా మాట్లాడినట్టుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జయంతి అడిగింది, "మలయాళమా ఏమి?"

పక్క గదిలో నుంచి అమ్మ కేక వేసింది. "ఎవురురా వచ్చింది? మన మాట మాట్లాడతా ఉండారు, వాకిట్లో నిలబెట్టకుండా లోపలికి రమ్మను."

నేనూ జయంతీ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నాము.

అమ్మ దినమూ టీవీలో తిరుపతి పక్కనుంచి వచ్చే ప్రవచనాలు వింటుంది. పండితులు ఎంత పెద్ద మాట వాడినా తల ఊపతా వింటుంది. నాకేమో వీధి తెలుగు దాటితే అంతా సంస్కృతమే. అమ్మ చెయ్యి పట్టుకొని తెచ్చి లాప్‌టాప్ ముందర కూచోబెట్టినాను. తప్పు పాస్‌వర్డ్ ఇంకోసారి కొట్టినాను. డబ్బా గొంతు మాట్లాడింది. అమ్మ చెవి దగ్గర పెట్టి వినింది.

"క్షమించండి అంటా ఉండాదిరా."

"ఎందుకంట?"

"పని చేయలేదంట. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి అంటా ఉండాది." అమ్మ నా పక్క తిరిగింది. "ఎంత మర్యాద చూడు దానికి. నువ్వు పొద్దున నుంచి దాన్ని దబదబా బాదతా ఉంటే కూడా 'అండి' అనే మాట్లాడతా ఉండాది. నేను దాన్ని కనకపోతినే."

"అమ్మా, రెండో వరస ఉంది. అది విను."

మళ్ళీ కొట్టినాను. అమ్మ కండ్లు మూసుకొని వినింది.

"ఏదో లాక్ అంట. ముందర ఇంకేదో మాట ఉండాది, అది మన మాట కాదు. క్యాపుసో ఏదో. ఆ లాక్ ఆన్‌లో ఉండాదంట."

జయంతి చేతిలో గరిటె పడేసింది. పెళ్ళికి ముందు టైపురైటింగ్ లోయర్ పాసయింది తను. "క్యాప్స్ లాక్! అది ఆన్‌లో ఉంటే అన్నీ పెద్ద అక్షరాలే పడతాయి, పాస్‌వర్డ్ ఎట్లా తీసుకుంటుంది? ఎడమ చిటికెన వేలు పక్కన ఉంటుంది చూడండి."

చూసినాను. ఎడమ చిటికెన వేలు పక్కన దాని చెంప ఉంది. చెంపపైన అమ్మ ఒత్తిన బొట్టు ఉంది. ఆ మీటపైన ఉండే చిన్న లైటు గంధం కింద ఎక్కడో వెలగతా ఉంది.

నేను అమ్మను చూసినాను. అమ్మ నన్ను చూసింది.

"నేను బొట్టు పెట్టినాను" అనింది. "లాక్ పెట్టలేదు."

పొద్దున నుంచి అది నాకు చెప్తానే ఉంది శీనూ. తప్పు ఎక్కడో, ఏ మీటలో ఉందో, మర్యాదగా, నా సొంత అమ్మ మాటలో రాసి చూపిస్తానే ఉంది. తమిళంలో చెప్పి ఉంటే అరనిమిషంలో అయిపోయేది. మైకు పట్టుకొని నేను కోరుకున్నట్టే కంప్యూటర్ నాతో తెలుగులో మాట్లాడింది, నేనే దానికి జవాబు చెప్పలేకపోయినాను.

బొట్టు తుడవకుండానే దానిపైన వేలు పెట్టి నొక్కినాను. కుంకుమ వేలికి అంటుకుంది. "కింద తుడవొద్దు, నుదుట పెట్టుకో. ఇప్పుడైనా కండ్లు తెరుచుకోనీ" అనింది అమ్మ. పెట్టుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టినాను, తెరుచుకుంది. మూడో స్విచ్చి ఎక్కడుందో బాగా గుర్తు కాబట్టి గొంతును మాత్రం ఆపినాను.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. నందిని లోపలికి వచ్చింది. కర్పూరం వాసన, నా నుదుట కుంకుమ, లాప్‌టాప్‌కు మూడు బొట్లు, నల్లటి తెరపైన బూరెలంత తెల్ల అక్షరాలు. అన్నీ నిదానంగా చూసింది.

"నాయనా," అనింది. తిట్టి ఉంటే బాగుండేది.

"అంతా తెలుగులో ఉంది కణ్ణూ, నీకెట్లా చేసేదో..." అని నేను నసగతా ఉంటే, వచ్చి కూచుని, బ్రౌజర్ బొమ్మను నొక్కింది, మెయిల్లో లింకు నొక్కింది, లోపలికి పోయింది. ఒక్క అక్షరం చదవలేదు. బొమ్మలు చూసి పని చేసుకుంది. పొద్దున నుంచి నాకు ఆ బొమ్మలు కనపడలేదా అని అడగొద్దు. నేను అక్షరాల గౌరవంలో ఉన్నాను.

మేము ముగ్గురమూ తలుపు పక్కన నిలబడినాము. అన్నీ బాగానే చెప్తా ఉంది. స్క్రీన్ చూపించమన్నారు. చూపించింది. ఆ తెరపైన ఏముందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. శాలువా కప్పుకొని, పండ్లన్నీ కనపడేట్టు నవ్వతా నేను. నందిని కంగారుగా కిటికీ తెచ్చి నాపైన మూయబోయింది. అది జెల్లీ మాదిరి ఊగతా పోయింది.

అవతల ఒక ఆడమనిషి గొంతు, మీ పక్క తెలుగు. "నందినీ, మీ సిస్టమ్ తెలుగులో ఉందే! మా హైదరాబాద్ టీమ్‌లో కూడా ఎవరూ ఇలా పెట్టుకోలేదు. మీరు తెలుగు చదువుతారా?"

"లేదు మేడం. ఇంట్లో మాట్లాడతాము. చదివింది తమిళం."

"మరి ఇదంతా?"

"మా నాయన మార్చినారు."

"శాలువాలో ఉన్న ఆయనా? ఆయన బాగా చదువుతారన్నమాట."

నేను తలుపు వెనక్కు జరిగినాను.

"ఆయనకూ రాదు మేడం."

"మరి ఎలా వాడుతున్నారు?"

"నేనూ ఆయన్ని అదే అడగాలనుకుంటా ఉండాను మేడం. ఈ ఇంటర్వ్యూ ముగియనీ అని ఆగినాను."

అవతల ఇద్దరు ముగ్గురు ఒకేసారి నవ్వినారు. ఆ నవ్వుతో నందినికి బెదురు పోయింది. ఆ తర్వాత ఏది అడిగినా దడదడా చెప్పింది. రెండో రౌండుకు పిలిచినారు, బుధవారం ఫోన్ వచ్చింది. దీంట్లో నా పుణ్యం కూడా కొంత ఉందని ఇంట్లో చెప్పి చూసినాను. ఎవరూ ఒప్పుకోలేదు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఫోన్ కెమెరా చూపిస్తే తమిళంలో మార్చి చెప్పేది కదా అని. సాయంత్రం నందిని కూడా అదే అనింది. పొద్దంతా ఫోన్ నా చేతిలోనే ఉంది, దాంతో ఊళ్ళో ఉండే కండ్లద్దాలన్నీ వెతికించినాను.

మళ్ళీ ఇంగ్లీషుకు మారుస్తానని నందిని అంటే నేనే వద్దన్నాను. తన పేరుతో వేరే అకౌంటు పెట్టి, నాది తెలుగులోనే వదిలేసింది. ఆదివారం క్లాసు మళ్ళీ మొదలయింది. తలైవర్ మొదటి వరసలో, కండ్లద్దాలు పెట్టుకొని కూచున్నాడు. ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. బజ్జీల ఖర్చు నాదే. ఈసారి 'ఋ' దాటినాను, దాని పక్కన ఇంకొకటి తోకతో కూచుని ఉంది, దాని దగ్గర ఆగి ఉన్నాను.

సరే, టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్తాను ఉండు. రాసేటప్పుడు నా శాలువా సంగతి కొంచెం తగ్గించి రాయి. రాసినాక నాకు ఇవ్వొద్దు, లాప్‌టాప్‌కు పంపు. అది చదువుతుంది, మా అమ్మ అర్థం చెప్తుంది, నేను తల ఊపతాను.